గడ్డి కోస్తే తుపాకులు ఆగుతాయా?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉన్న ఫ్లింట్ పట్నంలోనే 1908లో జనరల్ మోటార్స్ కంపెనీ పుట్టింది. 1960లో దాదాపు 2 లక్షల జనాభాతో కళకళలాడిన ఆ ఊరు, కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతూ రావడంతో 2020 నాటికి 81 వేలకు కుదించుకుపోయింది. వలస పోయినవాళ్లు వదిలేసిన ఇళ్లు పాడుబడ్డాయి, కూల్చినచోట పిచ్చిమొక్కలు నిలువెత్తున పెరిగాయి. తుపాకీ దాచాలన్నా, మత్తుమందు చేతులు మారాలన్నా ఇలాంటి చోట్లే అనువు. పెద్దలు అటు నడవడం మానేస్తే వీధిలో అడిగే దిక్కుండదు. మాటామాటా పెరిగి కుర్రాళ్లు కొట్టుకుంటే మధ్యలోకి వచ్చి విడదీసేవారూ ఉండరు.

అందుకే మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ జిమ్మర్‌మన్ బృందం నేరస్థుల కన్నా ముందు వీధులను పరిశీలించింది. వదిలేసిన స్థలాలను చూసుకునే ఆ జిల్లా ల్యాండ్ బ్యాంకు నడిపే ‘క్లీన్ అండ్ గ్రీన్’ పథకంలో కాలనీ సంఘాలు, చర్చి బృందాలు కొంత పారితోషికం తీసుకుని ఖాళీ స్థలాల్లో గడ్డి కోసి, చెత్త ఎత్తి, మొక్కలు నాటుతాయి. 2009-13 మధ్య వేసవి నెలల లెక్కలు తీస్తే, స్థానికులు బాగుచేసిన వీధుల్లో దాడులు, హింసాత్మక నేరాలు బీడుపడ్డ వీధులకన్నా దాదాపు 40 శాతం తక్కువగా కనిపించాయి. మనుషులు తిరిగే వీధి తనను తానే కాపాడుకుంటుందన్నది వీరి సిద్ధాంతం.

‘ఐకమత్యం ఉన్న వీధిలోనే జనం గడ్డి కోస్తారు, అక్కడే గొడవలూ తక్కువ. ఇందులో గడ్డి గొప్పేముంది?’ అని అడగవచ్చు. న్యాయమైన సందేహమే. దానికి జవాబు ఫిలడెల్ఫియాలో దొరికింది. చార్లెస్ బ్రానస్, యూజీనియా సౌత్ తదితరులు 541 ఖాళీ స్థలాలను లాటరీ పద్ధతిలో విడదీసి కొన్నింటిని బాగుచేయించారు, కొన్నింటిని అలాగే వదిలేశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, దారిద్ర్య రేఖకు దిగువనున్న పేటల్లో బాగుచేసిన స్థలాల చుట్టూ తుపాకీ హింస 29 శాతం తగ్గింది. ఏ వీధిని ఎంచుకోవాలో లాటరీయే తేల్చింది కాబట్టి ఈ తేడాను ఐకమత్యం ఖాతాలో వేయలేం.

అయితే ఆ పని కాంట్రాక్టరుకు అప్పగిస్తే సరిపోదా? ఒకసారికి సరిపోతుంది. గడ్డి మాత్రం ఏటా పెరుగుతుంది. ఏ మూల ప్రమాదకరమో, ఏ పిల్లలు ఎక్కడ చేరతారో రోజూ చూసేది అక్కడివాళ్లే. పైగా ఫ్లింట్ ప్రజలకు నిపుణుల మాట నమ్మకపోవడానికి కారణముంది. 2014లో నీటి సరఫరాను ఊళ్లోని నదికి మార్చాక నీళ్లు బాగోలేవని మొత్తుకున్నా అధికారులు కొట్టిపారేశారు. ఇంటింటి నమూనాలను స్థానికులు సేకరించి, వర్జీనియా టెక్ పరిశోధకులు పరీక్షించాకే 2015లో నీళ్లలో సీసం ఉన్న సంగతి బయటపడింది. అనుభవం ఒకరిది, కొలమానం మరొకరిది, రెండూ కలిస్తేనే అది కాదనలేని సాక్ష్యమైంది. తమపై జరిగే పరిశోధనలను పరిశీలించడానికి అక్కడి పౌరసంఘాలు సొంత నైతిక సమీక్షా మండలిని కూడా ఏర్పరచుకున్నాయి.

హింసకు మూలం నిరుద్యోగం, పేదరికం, చేతికి సులువుగా అందే తుపాకులు అన్నదీ నిజమే. గడ్డి కోత వాటిని తీర్చదు. కానీ అవి తీరేదాకా పిల్లల ప్రాణాలు పోవడం ఆగదు కదా. అందువల్ల ఇలాంటి పథకాలకు డబ్బిచ్చే ప్రభుత్వాలు రెండు షరతులు పెట్టాలి: ఏం చేయాలో తేల్చేచోట ఆ వీధివాసులకు ఓటుండాలి, చేసినదాని ఫలితాన్ని నిష్పాక్షికంగా కొలవాలి. ఈ రెంటిలో ఏది లోపించినా ఆ ఖర్చు వృథాయే.