జామీను ప్రక్రియ, న్యాయవాది ఎంపిక

పరిచయం

డోన్ కోర్టు ఆవరణలో వాయిదాల రోజున కాసేపు నిలబడితే ఒక ప్రశ్న వినిపిస్తుంది. "పదివేల బెయిలు అన్నారు, ఆ పదివేలు ఎవురికి కట్టల్ల సార్?" అడిగేది రిమాండులో ఉన్నవాడి తల్లో, భార్యో. అప్పటికే మేకలు అమ్మి డబ్బు కొంగున కట్టుకొని వచ్చి ఉంటుంది. సాధారణంగా ఆ డబ్బు ఎవరికీ కట్టనక్కరలేదని ఆమెకు చెప్పేవారుండరు. ఇప్పించేస్తామని ముందుకొచ్చేవాళ్ళు మాత్రం ఉంటారు. ఈ పాఠ్యభాగం చదివిన తరువాత ఆమెకు మీరు సమాధానం చెప్పగలగాలి.

జామీను అంటే ఏమిటి?

విచారణకు పిలిచినప్పుడల్లా హాజరవుతానని నిందితుడు రాసిచ్చే పత్రమే ముచ్చలిక. వ్యవహారంలో దీన్ని బాండు అంటున్నాం. అతడు హాజరయ్యేట్టు చూస్తానని మరొకరు పూచీ పడితే ఆ వ్యక్తి జామీనుదారుడు. "పదివేల రూపాయల జామీను" అంటే, నిందితుడు రాకపోతే ఆ మొత్తం చెల్లిస్తానన్న హామీ. మాట తప్పినప్పుడే చెల్లింపు. నగదు డిపాజిట్ చేయడానికి అనుమతించే నిబంధన చట్టంలో ఉంది గాని అది వేరే దారి.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక విద్యార్థి, "సినిమాల్లో బెయిలు ఏజెంటు ఉంటాడు కదా, మన దగ్గర ఎక్కడుంటాడు?" అని అడిగాడు. అది అమెరికా పద్ధతి. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు ఉన్న వ్యాపారులు సాధారణంగా పది శాతం రుసుము తీసుకొని పూచీ పడతారు. ఆ రుసుము తిరిగి రాదు. మన చట్టంలో ఆ వ్యాపారానికి చోటు లేదు. నిందితుడి మీద ఒక కన్నువేసి ఉంచుతాడనే నమ్మకంతోనే జామీనుదారుణ్ణి అంగీకరిస్తారు. డబ్బు తీసుకొని సంతకం పెట్టేవాడికి ఆ పట్టింపు ఎందుకుంటుంది? కోర్టు గేటు దగ్గర "జామీనులు మేం పెడతాం" అనే దళారులను నమ్మవద్దని చెప్పేది ఇందుకే. వారు తెచ్చిన పత్రాలు దొంగవని తేలితే మళ్ళీ జైలుకు వెళ్ళే ప్రమాదం నిందితుడిది.

ఒక ఉదాహరణ

ఊహించి చెబుతున్నాను. బేతంచెర్ల వైపు నాపరాళ్ళ పనిచేసే ఒక కూలీ, పొలంలో బోరు మోటారు దొంగిలించాడన్న ఆరోపణపై అరెస్టయ్యాడు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం 24 గంటల్లోగా, ప్రయాణ సమయం మినహాయించి, అతణ్ణి మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇలాంటి దొంగతనం నాన్‌బెయిలబుల్ నేరం. ఆ మాట వినగానే కుటుంబాలు హడలిపోతాయి. బెయిలబుల్ నేరంలో జామీను నిందితుడి హక్కు, నాన్‌బెయిలబుల్ నేరంలో న్యాయమూర్తి విచక్షణ. తేడా అంతే. మేజిస్ట్రేటు నిరాకరిస్తే సెషన్స్ కోర్టు, ఆపైన హైకోర్టు ఉన్నాయి.

గడువు సంగతి కూడా గుర్తుంచుకోండి. ఈ తరహా కేసులో రిమాండు మొదలైన 60 రోజుల్లో పోలీసులు అభియోగపత్రం వేయకపోతే జామీను పొందడం హక్కు అవుతుంది. హత్య వంటి తీవ్ర నేరాల్లో ఈ గడువు 90 రోజులు. అభియోగపత్రం దాఖలయ్యే లోపే దరఖాస్తు పెట్టుకోవాలి. ఒక్కరోజు ఏమరితే హక్కు చేజారుతుంది.

మన కూలీకి పదివేల రూపాయల సొంత ముచ్చలిక, ఇద్దరు జామీనుదారులతో బెయిలు మంజూరైందనుకుందాం. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. జామీనుదారుల నుంచి పట్టాదారు పాస్‌పుస్తకం, ఇంటిపన్ను రసీదు, జీతం ధ్రువపత్రం, ఆధార్ వంటివి అడుగుతారు. అతనికి భూమి లేదు. తమ్ముడు గుంటూరు వైపు మిరపకోతకు వలసపోయాడు. ఊళ్ళో పాస్‌పుస్తకం ఉన్న రైతు పరాయివాడి కోసం దాన్ని కోర్టులో పెట్టడు. ఉత్తర్వు చేతికొచ్చింది, మనిషి మాత్రం సబ్‌జైల్లోనే ఉన్నాడు. మెట్టప్రాంతంలో వానలు తప్పిన ఏడాది ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

సుప్రీంకోర్టు ఏమంది?

మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరాం అనే తాపీ మేస్త్రీకి ఇదే ఎదురైంది. మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను కోరారు. సోదరుడు పూచీ పడబోతే అతడూ అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని తిరస్కరించారు. 1978లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ధర్మాసనం దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత ముచ్చలికపై అతణ్ణి విడుదల చేయమంది. స్థానిక జామీనుదారుడే కావాలన్న పట్టుదల పేదవాడికి బెయిలును అందని ద్రాక్ష చేస్తుందని ఆ తీర్పు సారాంశం.

తీర్పు వచ్చి నలభై ఏళ్ళు దాటినా అలవాటు పోలేదు. అందుకే 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్ళీ మార్గదర్శకాలు ఇచ్చింది. బెయిలు ఉత్తర్వు ప్రతిని జైలు సూపరింటెండెంటు ద్వారా ఖైదీకి అదేరోజు గాని మరునాడు గాని ఈమెయిల్‌లో పంపాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు అధికారి ఆ విషయం జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోపు జామీనులు సమకూరకపోతే, షరతులు సడలించే విషయం కోర్టు తనంత తానుగా పరిశీలించవచ్చు. స్థానిక జామీనుదారుడి కోసం పట్టుబట్టడం జాప్యానికి ఒక కారణమని కూడా గుర్తించింది. జైళ్ళలో ఉన్నవారిలో సుమారు నాలుగింట మూడొంతులు విచారణ ఖైదీలేనన్న సంగతి ఈ సందర్భంలో గమనించదగింది.

జామీనుదారుడి వైపు నుంచి

సంతకం పెట్టేవారి కష్టం కూడా చూడాలి. నిందితుడు పరారైతే ముచ్చలిక జప్తవుతుంది. జామీనుదారుడు సంజాయిషీ ఇచ్చుకోవాలి, లేదా డబ్బు కట్టాలి. కట్టకపోతే జరిమానా వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. అదీ కుదరకపోతే ఆరు నెలల వరకు సివిల్ ఖైదు పడే అవకాశం ఉంది. మొత్తాన్ని కొంత తగ్గించే అధికారం మాత్రం కోర్టుకు ఉంది. నిందితుడి పోకడ నచ్చకపోతే మధ్యలోనే తనను పూచీ నుంచి తప్పించమని దరఖాస్తు చేసుకోవచ్చు. చుట్టరికం మొహమాటంతో సంతకం పెట్టేవారికి ఈ వెసులుబాటు ఉందని తెలియదు.

న్యాయవాదిని ఎలా వెతకాలి?

న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. కనుక పెద్ద బోర్డును బట్టి ఎంచుకోవద్దు. ఒక పూట కోర్టు హాల్లో వెనుక కూర్చుని చూడండి. క్రిమినల్ కేసులు ఎవరు క్రమంగా చేస్తున్నారో, ఎవరు వాయిదాల మీద వాయిదాలు అడుగుతున్నారో మీకే తెలుస్తుంది. బార్ అసోసియేషన్ గదిలో అడిగినా చెబుతారు. భూతగాదాల్లో దిట్ట అయిన వకీలు బెయిలు దరఖాస్తులో అంతే దిట్ట కానక్కరలేదు.

వకాల్తా మీద సంతకం పెట్టేముందు ఫీజు బెయిలు వరకేనా, కేసు ముగిసేదాకానా అని అడగండి. వాయిదాకు తాను రాలేకపోతే ఎవరు వస్తారో తెలుసుకోండి. "బెయిలు వస్తేనే ఫీజు" అనే ఒప్పందం నియమాలకు విరుద్ధం. తన కక్షిదారుకు తానే జామీను ఉండటం, జామీనుదారు ఆస్తిపరుడేనని తాను ధ్రువీకరించడం కూడా న్యాయవాదికి నిషిద్ధం. జామీనులు దొరకనప్పుడు షరతులు సడలించమని దరఖాస్తు వేస్తారా అన్నది మాత్రం తప్పక అడగాలి. నా దృష్టిలో మంచి డిఫెన్సు న్యాయవాదికి గుర్తు అదే. చాలామంది ఉత్తర్వు రాగానే తమ పని అయిపోయిందనుకుంటారు.

ఫీజు ఇచ్చుకోలేనివారికి 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ఉంది. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది లభిస్తారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు కూడా ఇదే వర్తిస్తుంది. కోర్టులోని న్యాయసేవా కమిటీలో దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు, జైలు నుంచే అర్జీ పంపవచ్చు.

అభ్యాసం

పై ఉదాహరణలోని కూలీకి బెయిలు మంజూరై పదకొండు రోజులైంది. ఇంకా విడుదల కాలేదు. తమ్ముడు పూచీ పడటానికి సిద్ధంగా ఉన్నాడు గాని అతని చిరునామా ఇప్పుడు వేరే జిల్లాలో ఉంది. అతని తల్లి తరఫున న్యాయసేవా కమిటీకి పది వాక్యాల్లో అర్జీ రాయండి.