కరెంటు పోయిన ఆ రోజులు మనకు నేర్పిందేమిటి?

బరంపురం, గంజాం ప్రాంతపు తెలుగువారికి 2013 అక్టోబరు 12 రాత్రి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించడంతో, వేలమందిని బలిగొన్న 1999 తుఫానుతో పోలిస్తే ప్రాణనష్టం ఎంతో తగ్గింది. అయితే గాలి ఆగాక మొదలైన ఇబ్బంది గురించే ఇక్కడ చెప్పదలిచాం.

స్తంభాలు విరిగి, చాలా వీధులకు రోజుల తరబడి కరెంటు రాలేదు. మోటారు తిరగకపోతే డాబా మీది ట్యాంకు ఒకటి రెండు రోజుల్లో ఖాళీ. సెల్ టవరు బ్యాటరీ కొన్ని గంటలే, ఆపైన జనరేటరుకు డీజిల్ కావాలి. బంకులో డీజిల్ తోడటానికీ కరెంటే కావాలి. ఏటీఎం సంగతీ అంతే. చెట్లు అడ్డంగా పడితే గ్యాస్ బండి రాదు. విడివిడిగా కనిపించే సౌకర్యాలన్నీ ఒకే తీగకు వేలాడుతున్నాయని అప్పుడు తెలిసింది.

మా వీధిని ఆదుకున్నది ఒక పాత బావి. ఆ ఇంటివారు గేటు తీసిపెట్టి, చేద అందరికీ ఇచ్చారు. నీళ్లు కాచుకుని తాగాం. ఈరోజు ఆ బావి లేదు. ఇల్లు అపార్టుమెంటు అయినప్పుడు పూడ్చేశారు, మేమెవరమూ వద్దనలేదు. యూపీఐ వచ్చింది 2016లో. ఫైలిన్ నాటికి చేతిలో నాలుగు నోట్లయినా ఉండేవి, ఇప్పుడు కూరగాయలకూ ఫోనే.

మిక్సీ మానేసి రోట్లో రుబ్బుకోమని మేము చెప్పడం లేదు. వారం రోజులు గడిచే ఏర్పాటు ఉంటే చాలు. మూత ఉన్న బిందెల్లో మంచినీళ్లు, అటుకులు, బెల్లం, పప్పు, బియ్యం, టార్చి, చిల్లర నోట్లు, రోజూ వేసుకునే మందులు, కాగితం మీద రాసుకున్న ఫోన్ నంబర్లు. ఇన్సులిన్ వాడేవారు ఫ్రిజ్ లేనప్పుడు ఎలా దాచుకోవాలో డాక్టరును ముందే అడగాలి. బావి మిగిలినవారు దయచేసి పూడ్చకండి.

ఇంకొక మాట. ఫైలిన్ తరువాత, మూడో అంతస్తులో ఒంటరిగా ఉన్న ఒక పెద్దావిడకు నీళ్లు లేవన్న సంగతి మూడో రోజుకు గానీ మాకు తెలియలేదు. పిల్లలు బెంగళూరులో, ఫోన్లు మూగవి. అది మన సంఘం లోపమే. అందుకే పిల్లలు దూరాన ఉన్న పెద్దల జాబితా వీధుల వారీగా రాస్తున్నాం. మీ పక్కింటి పేరు కూడా అక్టోబరులోగా చెప్పండి.