అడవిలో మూడేళ్లు - దళంలో మామూలు మనుషుల బతుకు

తెలంగాణ సాయుధ పోరాటం అనగానే పాఠ్యపుస్తకాల్లో నాలుగైదు పేర్లు కనబడతాయి. 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య, పాలకుర్తిలో తన పంటను కాపాడుకున్న చిట్యాల ఐలమ్మ, 1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరుకు పిలుపునిచ్చిన నాయకులు. పరీక్షకు ఇవి సరిపోతాయి. కానీ అయిదేళ్ల యుద్ధాన్ని నాలుగైదు పేర్లు మోయలేవు. దళంలో నడిచిన మామూలు మనిషి ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, చివరికి ఏమయ్యాడు? మన అడవికి సంబంధించినంత వరకు చెప్పుకుందాం.

వీళ్లెవరూ సైనిక శిక్షణ పొంది వచ్చినవాళ్లు కాదు. పాలేర్లు, కౌలుదారులు, పశువుల కాపరులు, వెట్టి చేసి విసిగిన కులాలవాళ్లు. మొదట్లో వాళ్ల ఆయుధాలు కర్రలు, వడిసెలలు, కారంపొడి. తర్వాత బర్మార్లు, శత్రువు దగ్గర గుంజుకున్న తుపాకులు వచ్చాయి.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. నాలుగైదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు, రజాకార్ల పీడ పోయింది. అయితే పంచుకున్న భూములను వదలకూడదని కమ్యూనిస్టు పార్టీ పోరాటం కొనసాగించింది. సైన్యం దళాల వెంటపడింది. మైదానంలో దాక్కునే చోటు లేక దళాలు కృష్ణా తీరాన నల్లమలకు, గోదావరి తీరాన మన అడవులకు చేరాయి. అప్పుడు మన ప్రాంతం వరంగల్ జిల్లా పాల్వంచ తాలూకాలో ఉంది. గోదావరి అవతల భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది.

అడవి బతుకు తేలిక కాదు. పగలు పొయ్యి వెలిగిస్తే పొగ ఆనవాలు పట్టిస్తుంది. అందుకని నడక రాత్రిపూట, మకాం రోజుకో చోట. వానాకాలం చలిజ్వరం. మైదానం నుంచి వచ్చినవాళ్లకు దారులూ తెలియవు, కోయ భాషా రాదు. అన్నం పెట్టింది, దారి చూపింది, కబురు మోసింది గూడెం మనుషులే. వెట్టి, అటవీ సిబ్బంది మామూళ్లు భరించిన గూడేలకు దళం అండగా కనబడింది.

అందుకే దెబ్బ గూడేల మీద పడింది. దళానికి తిండి అందకూడదని ప్రభుత్వం అడవిలోని గూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లో పెట్టింది. ఆ కాలంలోనే మలయాలో బ్రిటిష్ వాళ్లు ఇదే పద్ధతిలో సుమారు 5 లక్షల మందిని కంచెల మధ్య కొత్త ఊళ్లకు తరలించారు. పోడు పోయి, అడవి పోయి క్యాంపులో బతకడం కోయవాళ్లకు ఎంత కష్టమో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆడవాళ్ల కష్టం ఇంకో రకం. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో ఆ స్త్రీలు తమ నోటితోనే చెప్పారు. అడవిలో బిడ్డను కని, దళం కోసం ఆ బిడ్డను వదులుకున్న కమలమ్మ అందులో ఉంది. పోరాటం అయ్యాక ఇంటికి పోయి కాపురం చేసుకోమన్నారనే బాధ కూడా ఉంది.

1951 అక్టోబర్ 21న పోరాటం విరమించారు. సుమారు 4,000 మంది చనిపోయారని, 10,000 మందికి పైగా జైళ్లపాలయ్యారని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో రాశారు. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లారు. దళ సభ్యుడు మళ్లీ కూలికి వెళ్లాడు. తర్వాతి కాలంలో హైదరాబాద్ విమోచన పోరాట యోధులకు కేంద్రం పింఛను ఇచ్చింది. కానీ జైలు రికార్డో, వారంటో చూపాలి. గంజి పోసిన కోయ అవ్వకు ఏ కాగితం ఉంటుంది? ఒక్క సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే హాస్టల్ పిల్లలకు ఇది వేరే చెప్పాలా?

తమ్ముళ్లారా, ఆ తరంలో మిగిలింది బహు కొద్దిమంది. వాళ్ల పిల్లలు మన ఊళ్లలోనే ఉన్నారు. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అడగండి. పేరు, గూడెం, ఏ క్యాంపులో పెట్టారు, ఏం తిన్నారు - ఒక నోటుబుక్కులో రాయండి. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మన తాతలకు రాయడం రాలేదు, మనకు వచ్చు. ఆ పని మనదే.