ఊళ్లో కొత్త ఇల్లు – కరెంటు సర్వీసు

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ కర్నూల్లో, కడపలో ఇల్లు కట్టించేవాళ్లు టైల్స్ రంగు గురించి వాట్సాప్‌లో గంటల తరబడి మాట్లాడతారు. కరెంటు సర్వీసు సంగతి గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాకే గుర్తొస్తుంది. అప్పటిదాకా ఇంటిపనికి తీసుకున్న తాత్కాలిక సర్వీసుతోనే నెట్టుకొస్తారు.

రెండు జిల్లాలకూ సరఫరా తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్‌దే. కర్నూలు 2014 దాకా హైదరాబాద్ సంస్థ కింద ఉండేది. అందుకే నాన్నగారి పాత బిల్లు మీద వేరే సంస్థ పేరుంటే కంగారు పడొద్దు. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం, కాగితాలన్నీ సరిగ్గా ఉంటే పట్టణాల్లో 7 రోజుల్లో, పల్లెల్లో 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. అయితే ఊరవతల కొత్త వెంచర్లో స్తంభమే లేకపోతే ఈ లెక్క కుదరదు. లైనుకు ఎస్టిమేట్ వేయాలి, డబ్బు కట్టాలి, తర్వాతే పని. స్థలం కొనేటప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దూరమో చూసుకోవడం మేలు.

ఇల్లు మీ పేరున ఉండి, కరెంటు సర్వీసుతో సహా పనులన్నీ అన్నో మామో చూస్తుంటే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇస్తారు కదా. విదేశంలో రాసిన జీపీఏకు అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. చాలామంది ఇక్కడే గడువు దాటించేస్తారు.

లోడు తక్కువ రాయించి డిపాజిట్ మిగుల్చుకుందామన్న ఆలోచన వద్దు. రెండు ఏసీలకు మూడు కిలోవాట్లు, గీజరుకు రెండు, బోరు మోటారుకు ముప్పావు. అప్పుడే ఐదు దాటింది, ఇక త్రీ ఫేజే.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ఎర్తింగ్ గురించి. మట్టిలో తడి ఉంటేనే అది పనిచేస్తుంది. కోనసీమవాళ్లకు ఈ బాధ లేదు, రాడ్డు దించితే తడి తగులుతుంది. జమ్మలమడుగు వైపు కాస్త తవ్వితే బండ. కర్నూలు నల్లరేగడి వానలకు ముద్దయి, ఎండలకు బీటలు వారి రాడ్డును వదిలేస్తుంది. అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, గరాటు ఉన్న పైపు నిలబెట్టి, ఎండాకాలమంతా నీళ్లు పోస్తుండాలి. వాకిట్లో కడప బండలు పరిచేశాక ఆ గుంత ఎక్కడుందో మేస్త్రీకే గుర్తుండదు. మూత పైకి కనిపించేలా కట్టించి ఫొటో పంపమనండి. ఎర్త్ టెస్టర్ పెట్టి ఎన్ని ఓమ్‌లు చూపిందో లైసెన్సున్న కాంట్రాక్టరును అడగండి. వైరింగ్ టెస్ట్ రిపోర్టు మీద సంతకం చేసేది అతనే. మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఇటాలియన్ మార్బుల్‌తో పోలిస్తే దాని ఖర్చు ఏపాటి?

అమెరికా మిక్సీలు పెట్టెల్లో సర్దకండి. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912. ఇంట్లో ఉండే పెద్దవాళ్ల ఫోన్లో మీరే సేవ్ చేసి పెట్టండి.