మీటరు తిరిగిపోతే ముప్పే!

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో చేతిలో ఇమిడే చిన్న కాలిక్యులేటర్ ఉంటుందిగా... దానిలో పట్టనంత పెద్ద లెక్క వేస్తే తెర మీద 'ఈ' అన్న ఇంగ్లిషు అక్షరం వచ్చి కూర్చుంటుంది. 'నా వల్ల కాదు' అని ఒప్పుకోవడమన్నమాట. పాత జీపు మీటరు అలా కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అంటూ తిరిగి తిరిగి 99,999 కిలోమీటర్లు దాటగానే గుట్టుచప్పుడు కాకుండా సున్నాల దగ్గరికి వచ్చేస్తుంది. బండి కొత్తదైపోయినట్టే!

కంప్యూటర్ కొన్నిచోట్ల ఈ రెండో రకం. ప్రింటరు, కెమెరా లాంటి పరికరాలకూ కంప్యూటరుకూ మధ్య దుబాసీగా ఉండే ప్రోగ్రామే 'డ్రైవర్'. సమాచారం దాచడానికి అది మెమరీలో చోటు అడుగుతుంది. అరలు ఎన్ని, ఒక్కో అర ఎంత అన్నది హెచ్చవేసి చెబుతుంది. చిక్కంతా ఆ హెచ్చవేతలోనే.

32 బిట్ల లెక్కలో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. పదహారేసి బైట్ల అరలు 26,84,35,457 కావాలనుకోండి. మొత్తం 4,29,49,67,312 బైట్లు. పట్టదు. మీటరు తిరిగిపోయి మిగిలేది పదహారే! అరలేమో 26 కోట్ల పైచిలుకు, దొరికిన చోటు ఒక్క అరకు. ఆ సంగతి తెలియని డ్రైవర్ రాసుకుంటూ పోయి పక్కవాళ్ల చోటులో పడుతుంది. సీ భాష ఆపదు. కావాలనే అంత పెద్ద సంఖ్య పంపే ప్రబుద్ధుడు తగిలితే కంప్యూటర్ ఆగిపోవడమే కాదు, దాని తాళాలు అతని చేతికి పోవచ్చు.

అందుకే లినక్స్‌లో 2012లో 'కేమాలాక్ అర్రే' వచ్చింది. రెండు సంఖ్యలనూ విడివిడిగా తీసుకుని, లెక్క హద్దు దాటితే చోటు లేదు పొమ్మంటుంది. అయినా పాత అలవాటు ఓ పట్టాన పోలేదు. 2018లో భద్రతా నిపుణుడు కీస్ కుక్ కెర్నల్ అంతటా గాలించి అలాంటి హెచ్చవేతలను పెద్దఎత్తున మార్చారు. ఆ ఏడాది 4.18 వెర్షన్‌తో 'స్ట్రక్ట్ సైజ్' కూడా చేరింది. దీనిది భలే కిటుకు. లెక్క హద్దు దాటితే ఎవరూ ఇవ్వలేనంత పెద్ద సంఖ్య చెబుతుంది. దాంతో చోటే దొరకదు, ప్రమాదమూ ఉండదు.

పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనో, ప్రొద్దుటూరు వైఎస్సార్ ఇంజినీరింగ్ కాలేజీలోనో సీ దిద్దుకునే పిల్లలకూ ఇలాంటిదే ఒకటుంది. 'మాలాక్' లోపల హెచ్చవేత రాసే బదులు 'క్యాలాక్'కు రెండు సంఖ్యలూ విడిగా ఇవ్వడం. ఇప్పటి లైబ్రరీలు హద్దు చూస్తాయి, చోటును సున్నాలతో తుడిచి మరీ ఇస్తాయి. చోటు దొరికిందో లేదో చూసుకోవడం మాత్రం రాసేవాళ్ల వంతే.