మల్లన్న పేరుకు ఒత్తులు దిద్దేదెవరు?

టెక్కలి దగ్గర రావివలసలో ఎండలోనే కొలువైన మల్లికార్జునస్వామి పేరు కంప్యూటర్లో కొట్టి చూడండి. ‘ల్లి’, ‘ర్జు’, ‘స్వా’... అన్నీ ఒత్తులే!

లినక్స్‌లో ఎన్నో ప్రోగ్రాములకు మీటలు, మెనూలు, కిటికీలు అందించే ఉచిత సరంజామా జీటీకే. 1990ల్లో ‘గింప్’ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ కోసం పుట్టింది.

ఇందులో తెలుగు వస్తుందా? భేషుగ్గా! పాంగో, హార్ఫ్‌బజ్ అనే తోడు సాఫ్ట్‌వేర్లు ఒత్తుల్ని సరైనచోట పేరుస్తాయి. యూనికోడ్ తెలుగు ఫాంటు ఉంటే చాలు. పాత అను ఫాంట్లలో కొట్టిన గుడి కరపత్రాన్ని మాత్రం యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు.

మరి, పలాస జీడిపప్పు వ్యాపారి లెక్కలకు జీటీకేతో ప్రోగ్రాము రాసి అమ్ముకోవచ్చా? నిక్షేపంగా. జీటీకేని విడిగా జోడిస్తే సొంత కోడ్ బయటపెట్టక్కర్లేదు. జీటీకేనే మార్చి పంచితే, ఆ మార్పుల కోడ్ తీసుకున్నవాళ్లకు ఇవ్వాల్సిందే.