గండిపేట చేప కన్నా కిందే... అయినా ఆకాశంలోనే!

పేరులో సాగరాలకు మనకేం కొదవలేదు. మొయినాబాద్‌లో నిలబడితే ఒక పక్క ఉస్మాన్ సాగర్, ఇంకో పక్క హిమాయత్ సాగర్. 1908లో మూసీ పోటెత్తి హైదరాబాద్‌ను ముంచేశాక మళ్లీ అలాంటి గతి పట్టకూడదని నిజాం కాలంలో కట్టించిన జలాశయాలివి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. చేవెళ్ల, మొయినాబాద్ పిల్లలు తొలిసారి చూసే పెద్ద నీళ్లు ఇవే. ఎంత పెద్దవైనా అవతలి గట్టు కనిపిస్తూనే ఉంటుంది. అవతలి గట్టే లేని నీళ్లు చూడాలంటే మాత్రం ఓ రాత్రి రైలెక్కాల్సిందే!

అలా రైలెక్కే కుటుంబాలు ఏటా వేసవి సెలవుల్లోనో, సంక్రాంతి తర్వాతో విశాఖపట్నంలో దిగుతుంటాయి. సింహాచలం దర్శనం, బీచ్‌లో ఓ సాయంత్రం, వీలైతే అరకు. ఇంతవరకూ పేచీ ఉండదు. కైలాసగిరి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంటిల్లిపాదీ రెండు పార్టీలుగా చీలిపోతుంది. పిల్లలేమో రోప్‌వే ఎక్కాల్సిందేనంటారు. పెద్దావిడేమో ‘‘ఏమైతదో ఏమో బిడ్డా, మీరు పోయి రాండ్రి, నేనీడ్నే కూసుంట’’ అంటూ బెంచీ వెతుక్కుంటుంది. ప్రతి కుటుంబంలోనూ ఇలాంటి ఒకరుంటారు. ఈ కథనం చాలావరకు ఆవిడ కోసమే.

ఎత్తు లెక్క తిరగబడింది

ముందు ఓ తమాషా లెక్క చూద్దాం. ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట నిండినప్పుడు నీటి మట్టం 1,790 అడుగులు. చెరువు లోతు కాదిది, సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తు. కైలాసగిరి శిఖరం ఏ లెక్కన చూసినా వెయ్యి అడుగులు దాటదు. అంటే ‘అమ్మో ఎంత ఎత్తో’ అంటూ కొండకొమ్మున కళ్లు మూసుకున్న మొయినాబాద్ మనిషి, నిజానికి తన ఊరి చెరువులో ఈదే చేప కన్నా ఎనిమిది వందల అడుగుల కింద నిలబడి ఉన్నట్టు!

మరి ఇంటి దగ్గర లేని భయం ఇక్కడెందుకు? మన పీఠభూమి ఎత్తును కనిపించనివ్వదు. అది వందల కిలోమీటర్ల పొడవునా మెల్లమెల్లగా లేచిన నేల. రాత్రి రైల్లో మనం నిద్రపోతుంటే బండి ఆ ఎత్తంతా దిగేస్తుంది, ఒక్క కుదుపైనా తెలీదు. కైలాసగిరి అలా కాదు. అలలు తాకే ఒడ్డు నుంచే నిటారుగా లేస్తుంది. మధ్యలో బీచ్ రోడ్డు తప్ప మరేం లేదు. కొలవడానికి సున్నా ఎదురుగా ఉంటే ప్రతి అడుగూ ఎత్తుగానే కనిపిస్తుంది.

రాయి కూడా వేరే. చేవెళ్ల, వికారాబాద్ వైపు నల్లరేగడికి తల్లి దక్కను లావా. దాని వయసు ఆరున్నర కోట్ల ఏళ్లు. విశాఖ కొండలు ఖోండలైట్ శిల. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే ఆ రాయికీ పెట్టారు. దాని వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. వానకు ఎర్రగా కరిగి కారే ఆ మట్టి చూస్తే మన రేగడి మనుషులకు వింతగానే ఉంటుంది.

నేల జారిపోయే క్షణం

టికెట్ తీసుకుని ట్రాలీలో కూర్చున్నాక మొదటి కొన్ని క్షణాలే అసలు పరీక్ష. తలుపు పడుతుంది. చిన్న కుదుపు. అంతవరకూ కాళ్ల కింద ఉన్న సిమెంటు గచ్చు ఒక్కసారిగా ఉండదు. బస్సులోలా ఇంజను మోత లేదు, లిఫ్టులోలా గోడలు లేవు. పైన గిలకల మీద తీగ దొర్లే చప్పుడు, గాలి, అంతే. కింద చెట్ల తలలు. ఎప్పుడూ కింద నుంచి చూసే చెట్టును పై నుంచి చూడటమే ఓ అనుభవం. కాకి మన కన్నా కింద ఎగురుతుంటే పిల్లలు కేరింతలు కొడతారు.

స్తంభం దగ్గరికి రాగానే ట్రాలీ గడగడలాడుతుంది. చాలామంది గుండె జారేది అక్కడే. నిజానికి ఆ చప్పుడుకి కంగారు పడాల్సిన పని లేదు. తీగను పట్టుకున్న ట్రాలీ పట్టు గిలకల మీదుగా దాటే చప్పుడది. స్తంభం దాటాక ట్రాలీ మళ్లీ నిశ్శబ్దంగా ఊగుతూ సాగుతుంది. ఇక అప్పుడు తల తిప్పి చూడాలి. కింద నుంచి చూసినప్పుడు సముద్రం ఒక గీత. పైకి వెళ్తున్నకొద్దీ ఆ గీత వెడల్పవుతుంది, పరుచుకుంటుంది, చివరికి కంటికి పట్టనంత అవుతుంది. ఆ మార్పు చూడటానికి దొరికేది కొన్ని నిమిషాలే. కారులో ఘాట్ రోడ్డు మీద వెళితే మలుపు మలుపుకీ తెర పడుతుంది. మెట్లెక్కితే ఆయాసమే మిగులుతుంది. సముద్రం విచ్చుకోవడాన్ని ఏకబిగిన చూపించేది రోప్‌వే ఒక్కటే.

పురిలో ఉంది బలం

‘ఒక్క తీగ మీద ఇంతమందా?’ ఇదీ పెద్దావిడ ప్రశ్న. సబబైన ప్రశ్నే. జవాబు ఆవిడ చిన్నప్పటి బావి దగ్గరే ఉంది.

మోట బావి రోజుల్లో మోకు ఎలా పేనేవారో గుర్తుందా? సన్నటి నారపోగుల్ని పురిపెట్టి పేట చేసి, పేటల్ని మళ్లీ కలిపి మెలేసేవారు. ఒక పోగు తెగినా మోకు తెగదు. ఇనుప తీగలతో అదే పని చేసింది జర్మనీలోని హార్జ్ గనుల్లో పనిచేసిన విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే అధికారి, 1834లో. అంతకుముందు గనుల్లో ఇనుప గొలుసులు వాడేవారు. గొలుసుతో చిక్కేమిటంటే ఒక్క లంకె విరిగితే అంతా పోయినట్టే. ఉక్కు పోగుల్ని మోకులా పేనితే తెగడానికి ముందు ఒక్కో పోగూ చిట్లుతూ హెచ్చరిస్తుంది. ఇప్పటి రోప్‌వే తీగను అయస్కాంత పరికరాలతో పరీక్షించి కంటికి కనిపించని లోపలి పోగులు చిట్లినా పట్టేస్తారు.

ఇక మోసే పద్ధతి చూస్తే అదీ బావి గిలకే. తీగ ఒక పెద్ద వలయం. పైనొక చక్రం, కిందొక చక్రం. ఒక వైపు ట్రాలీలు ఎక్కుతుంటే రెండో వైపు దిగుతుంటాయి. గిలక మీద రెండు చేదలు వేసినప్పుడు దిగే చేద ఎక్కే చేదను లాగినట్టే ఇక్కడా దిగే ట్రాలీల బరువు ఎక్కేవాటికి సాయం చేస్తుంది. మోటారు మీద పడేది మిగతా భారమే. తీగ ఎండకు సాగినా, చలికి బిగిసినా ఒకేలా లాగిపెట్టి ఉంచడానికి బరువులో, హైడ్రాలిక్ ఏర్పాటో ఉంటుంది. కరెంటు పోతే ట్రాలీలను స్టేషన్‌కి చేర్చడానికి డీజిల్ ఇంజను సిద్ధంగా ఉంచుతారు.

అలాగని ప్రమాదాలు జరగలేదా అంటే... జరిగాయి, దాచడం ఎందుకు? 1992 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని పర్వానూలో తీగ తెగి ట్రాలీ లోయ మీద ఆగిపోయింది. సైన్యం హెలికాప్టర్‌తో పదిమందిని కాపాడింది. కిందకి దూకిన ఆపరేటర్ ప్రాణాలు దక్కలేదు. 2022 ఏప్రిల్ 10న, శ్రీరామనవమి రోజు, జార్ఖండ్‌లోని త్రికూట్ కొండ మీద రోప్‌వే ఆగిపోతే పదుల మంది గాల్లోనే రాత్రి గడిపారు. నలభై గంటలకు పైగా సాగిన సహాయక చర్యల్లో నలభై మందికి పైగా బతికి బయటపడ్డారు, ముగ్గురు చనిపోయారు.

అందుకే రోప్‌వే ఎక్కడం భయమా కాదా అన్నది పెద్ద విషయం కాదు. తనిఖీ ఎప్పుడు చేశారు, గాలి ఎక్కువైతే ఆపుతున్నారా, జనం తోసుకొస్తే పరిమితికి మించి ఎక్కిస్తున్నారా అన్నవే అడగాల్సినవి. గాలి ఎక్కువగా ఉందని రోప్‌వే ఆపేస్తే విసుక్కునేవాళ్లే ఎక్కువ. నా మటుకు నాకు, గాలికి ఆపే రోప్‌వే మీదే నమ్మకం. ఎప్పుడూ ఆగని దాన్ని చూస్తేనే అనుమానం.

కొండ మీద ఏముందంటే...

తెల్లటి శివపార్వతులు. నలభై అడుగుల ఆ విగ్రహాల ముందు ఫొటో దిగని కుటుంబం ఉండదు. కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు, టైటానిక్ వ్యూపాయింట్, తెలుగువారి చరిత్రను చూపే మ్యూజియం ఉన్నాయి. 2025 చివర్లో గాజు వంతెన కూడా తెరిచారు. అప్పట్లో వుడా తీర్చిదిద్దిన పార్కు ఇది. ఆ సంస్థే 2018లో వీఎంఆర్‌డీఏగా మారింది.

హంగుల సంగతి అలా ఉంచితే, కూర్చుని చూడాల్సింది తీరం. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు పెట్టినట్టు ఉంటుంది. దానికి ఇవతల రామకృష్ణా బీచ్. ఇసుక మీదకు చేర్చి 2002లో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి అక్కడే ఉంది. ఉత్తరాన రుషికొండ వంపు. సరిగ్గా కాళ్ల కింద తెన్నేటి పార్కు. 2020 అక్టోబరులో గాలివానకు లంగరు తెగి బంగ్లాదేశ్ సరకు ఓడ ‘ఎం.వి. మా’ కొట్టుకొచ్చి రాళ్లలో చిక్కుకున్నది ఆ పార్కు దగ్గరే.

ఆ కొండకు అంతకన్నా పెద్ద దెబ్బ 2014 అక్టోబరు 12న తగిలింది. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి. మర్నాడు చూస్తే నగరం చుట్టూ కొండలు పచ్చదనం పోయి గోధుమరంగులోకి మారిపోయాయి. కైలాసగిరి మీద చెట్లు నేలకూలాయి, మిగిలినవి ఆకు లేకుండా మోడులై నిలబడ్డాయి. మళ్లీ నాటి, నీళ్లు పోసి పెంచారు. ఇవాళ ట్రాలీ కింద కనిపించే చెట్లలో చాలావరకు ఆ తుపాను తర్వాత లేచినవే.

ఇది చేవెళ్లవాళ్లకు చెబితే చటుక్కున అర్థమవుతుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డుకి రెండు పక్కలా గొడుగు పట్టిన మర్రిచెట్లు ఉండాలా, రోడ్డు వెడల్పు కావాలా అని వాళ్లు ఏళ్ల తరబడి వాదన చూశారు. ప్రాణాలు తీసే ఇరుకు రోడ్డూ నిజమే, తాతల నాటి నీడా నిజమే.

మన కొండలకూ తీగ వేద్దామా?

సముద్రం పక్క కొండకు తీగ కట్టడం ప్రపంచానికి పాత ముచ్చటే. బ్రెజిల్‌లోని రియోలో షుగర్‌లోఫ్ కొండకు 1912లోనే కట్టారు. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో టేబుల్ మౌంటెన్ మీదకు 1929 నుంచి నడుస్తోంది. తెలుగు నేల మీద శ్రీశైలం రోప్‌వేది వేరే దారి. అది కొండ మీద నుంచి కిందకి, పాతాళగంగ దాకా దించుతుంది. వందల మెట్లు దిగి, తడిబట్టలతో మళ్లీ ఎక్కలేని ముసలివాళ్లకు అదెంత వరమో అక్కడ క్యూలో నిలబడితే తెలుస్తుంది.

కేంద్రం 2022–23 బడ్జెట్‌లో పర్వతమాల పథకం ప్రకటించాక ఊరూరా రోప్‌వే మాట వినిపిస్తోంది. భువనగిరి కోటకు వేయాలన్న ఆలోచన బాగుంది. ఆ ఏకశిల మీదకు మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కగలరా? కానీ మూసీ పుట్టిన అనంతగిరికీ వేయాలంటే మాత్రం ఒప్పుకోలేం. అక్కడ రోడ్డు గుడిదాకా వెళ్తుంది. అడవిలో నడవడమే ఆ కొండ అందం. ఎక్కలేని చోట తీగ కావాలి, ఎక్కడానికి బద్ధకించే చోట కాదు.

వెళ్లేవాళ్లకు...

చేవెళ్ల, మొయినాబాద్‌వాళ్లకు లింగంపల్లి స్టేషన్ దగ్గర. జన్మభూమి ఎక్స్‌ప్రెస్ అక్కణ్నుంచే బయల్దేరుతుంది, పగటి ప్రయాణం. సికింద్రాబాద్ నుంచి వందేభారత్ 2023 జనవరిలో మొదలైంది. రాత్రి రైళ్లూ చాలానే ఉన్నాయి. దూరం సుమారు 700 కిలోమీటర్లు. వైజాగ్‌లో సిటీ బస్సో, ఆటోనో ఎక్కితే కైలాసగిరి చేరొచ్చు.

రోప్‌వే ఆ రోజు నడుస్తోందో లేదో ముందే కనుక్కోవడం మంచిది. మరమ్మతులున్నా, ఈదురుగాలి ఉన్నా ఆపేస్తారు. ఎండ తగ్గాక, మూడున్నర నాలుగింటికి వెళితే వెలుతురు బాగుంటుంది. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలో కుంకడు, కాబట్టి పైన సూర్యాస్తమయం కోసం నీళ్లవైపు చూస్తూ కూర్చోకండి. ఆదివారాలు, సెలవు రోజుల్లో రద్దీ ఎక్కువ. పెద్దవాళ్లను తీసుకెళ్తే ట్రాలీలో కొండవైపు మొహం పెట్టి కూర్చోబెట్టండి. నాలుగు నిమిషాలు కొండనే చూస్తారు, గుండె కుదుటపడుతుంది. దిగేటప్పుడు మాత్రం సముద్రంవైపు కూర్చోబెట్టండి. ఆవిడే అడుగుతుంది!